పెద్ద బొట్టు పెట్టుకున్న మీటరు

కోరుట్లలో మా అత్తగారింట్లో అల్లుళ్ల విలువ మూలుగ బొక్కతో తేలుతుంది. దసరా నాడు మటన్ కూర గిన్నెలో గరిటె తిరిగి తిరిగి ఆ బొక్కను పట్టుకుని ఎవరి పళ్లెం వైపు వస్తుందో, ఆ ఏడు ఆ ఇంట్లో వాడిదే నడుస్తుంది. నా పెళ్లయిన కొత్తలో అది ఎవరూ చెప్పకుండానే నా పళ్లెంలోకి వచ్చేది. పెద్దల్లుణ్ణి. పైగా అప్పటికి ఒక్కణ్ణే అల్లుణ్ణి. ఆ తర్వాత మా మరదలికి సిరిసిల్ల సంబంధం చేశారు. గరిటె దారి మార్చుకుంది.

ఆ సిరిసిల్ల మనిషి, అంటే నా షడ్డకుడు, ఏ బడిలో పంతులో ఏ బట్టల దుకాణం షావుకారో అయి ఉంటే నేను ఎలాగో సర్దుకునేవాణ్ణి. వాడిదీ నా పనే. జగిత్యాలలో కరెంటు మీటర్లు పరీక్షించే ల్యాబులో నేను టెస్టర్ని. సిరిసిల్ల ల్యాబులో వాడు టెస్టరు. ఇళ్ల నుంచి, షెడ్ల నుంచి, బావుల దగ్గరి నుంచి వచ్చిన మీటరు ఎక్కువ తిరుగుతోందా తక్కువ తిరుగుతోందా అని తేల్చి సీలు వేయడం మా ఇద్దరి బతుకుతెరువు. వాడు నాకంటే పొడుగు. జుట్టు కూడా నాకంటే ఎక్కువ. ఇవన్నీ దేవుడి పని అనుకుని ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒక్కటే. వాడు కథలు చెబుతాడు.

కథలు చెప్పడం ఆ ఇంట్లో నా పని. నా గురించి తెలిసినవాళ్లు, మార్కెట్‌లో మక్కలకు తరుగు తీసినట్టు, నా మాటల్లోంచి కొంత తీసేసి వింటారు. తీసేసినా మిగిలేది తక్కువేం కాదు. గొల్లపల్లిలో ఒక పాత మీటరు విప్పితే లోపల బల్లి ఉంది. అది నిజం. ఆ బల్లి తోక చక్రానికి అడ్డుపడి మీటరు వెనక్కి తిరిగేదని, ఆ ఇంటాయన దానికి రోజూ ఈగలు పట్టి మేపేవాడని, మేము బల్లిని తీస్తుంటే ఇంటిల్లిపాదీ ఏడ్చారని నేను కలిపాను. ఆ కథ మా మామకు ప్రాణం. పసుపు గిర్ని నడిపే మనిషి, ముక్కులో చెవుల్లో ఎప్పుడూ పసుపే. నవ్వితే మీసాల మీంచి పచ్చటి దుమ్ము లేచేది. ప్రతి దసరాకూ అడిగి చెప్పించుకునేవాడు.

ఒక దసరాకు నా బల్లి కథ అయిపోగానే, కొత్తల్లుడు గొంతు సవరించుకున్నాడు.

"మా సిరిసిల్లల ఒక మీటరున్నది మామా. మరమగ్గాల షెడ్డుల పుట్టి పెరిగింది. మగ్గాల సప్పుడుకు అలవాటు పడ్డది. కరెంటు పోయి మగ్గాలు ఆగినయనుకో, దానికి నిద్ర పట్టది. పాపం, ఒక్కతే తిరుగుతనే ఉంటది. ఆఖరికి ఆ షావుకారి పెండ్లాం దాని పక్కకు కూసొని నోటితోని టకటకటక అంటె గప్పుడు పండుకున్నది."

మామ మీసాల మీంచి లేచిన దుమ్ముకు పక్కనున్నవాళ్లు దగ్గారు. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆవిడ, నా సొంత పెళ్లాం, గోడకు చేరగిలబడి కళ్లు తుడుచుకుంది. కరెంటు పోయాక మీటరు ఎలా తిరుగుతుందిరా అని అడగాలనిపించింది. నా బల్లిని అడగనివాణ్ణి, వాడి మీటరును ఏ మొహంతో అడగను? ఆ పూట మూలుగ బొక్క వాడి పళ్లెంలో పడింది. వాడు దాన్ని పళ్లెం అంచుకు టకటక కొట్టి మరీ జుర్రాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తెలంగాణ కోసం ఆఫీసులూ బడులూ బస్సులూ అన్నీ నిలిచిపోయిన ఆ సమ్మె ఏడాది, మా ఇద్దరినీ నిజంగానే తూకంలో పెట్టే రోజు వచ్చింది.

దుకాణంలో తూకం బాట్లు సరిగ్గా ఉన్నాయో లేదో తూనికల ఆఫీసువాళ్లు తమ బాట్లతో సరిచూస్తారు కదా, మా పనీ అంతే. ఊళ్లోంచి వచ్చిన మీటరును మా దగ్గరున్న స్టాండర్డ్ మీటరు పక్కన పెట్టి, ఒకే కరెంటు రెండింట్లోంచి పంపి, తేడా ఎంతో చూస్తాం. మరి ఆ స్టాండర్డ్ సరిగ్గా ఉందని ఎవరు చెప్పాలి? దాన్ని ఏడాదికోసారి హైదరాబాదు పంపిస్తే, అక్కడ ఇంకా పెద్ద మీటరు పక్కన పెట్టి సరిచూసి కాగితం ఇస్తారు. ఆ ఏడాది హైదరాబాదు పోయే దారి లేదు. పోయినా అక్కడ తలుపు తీసే మనిషి లేడు. జగిత్యాల స్టాండర్డ్‌కూ గడువు దాటింది, సిరిసిల్ల స్టాండర్డ్‌కూ గడువు దాటింది.

మా పెద్దసారు ఫోనులో తేల్చేశాడు. రెండింటినీ ఒకచోట పెట్టి చూద్దాం. ఏది నిలకడగా చూపిస్తే హైదరాబాదు తెరిచేదాకా రెండు ల్యాబులకూ అదే దిక్కు. రెండోదాన్ని పెట్టెలో పెట్టేద్దాం. దాని టెస్టరు ల్యాబు వదిలి ఊళ్ల మీద పడి పాడైన మీటర్లు మారుస్తాడు.

అంటే గొల్లపల్లి, బుగ్గారం, వాటి చుట్టూ పల్లెలు. ఎండలో నిచ్చెన మోయడం, గోడ మీద మీటరు విప్పుతుంటే కుక్కలతో మాట పడటం. నాకు అప్పటికే మోకాలు పట్టేసేది. ల్యాబులో ఫ్యాను కింద నా కుర్చీకి నా ఒళ్లు ఆకారం దిగి ఉంది. దాన్ని వదలడం ఒక బాధ. అది సిరిసిల్ల వాడి వల్ల వదలాల్సి రావడం ఇంకో బాధ. రెండోదే పెద్దది.

పరీక్ష ఎక్కడ? ఇద్దరికీ వీలని సారు కోరుట్ల సబ్‌స్టేషన్ అన్నాడు. ఎప్పుడు? దసరా తెల్లారి. మామకు ఈ సంగతి ఎలా తెలిసిందో తెలియదు గానీ, ఇద్దరికీ ఫోన్ చేశాడు. "మీటర్లు పట్టుకొని పండుగకు సక్కగ ఇంటికే రాండ్రి. తెల్లారి ఇక్కడికెల్లే పోదురు."

బస్సులు లేవు. స్టాండర్డ్ మీటరును నెత్తిన పెట్టుకుని పోలేం, కుదుపు తగిలితే పట్టు తప్పుతుంది. దొరికిన ఆటోలో నా ఒడిలో పెట్టుకుని, కింద దుప్పటి మడిచి వేసి, కడుపుతో ఉన్న మనిషిని తీసుకుపోయినట్టు తీసుకుపోయాను. సగం దారిలో రాస్తారోకో. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. నలుగురు కుర్రాళ్లు ఆటో చుట్టూ మూగారు.

"డబ్బల ఏముందే?"

"మీటరు, తమ్మీ."

"అంతా బంద్ ఉంటె నీకేం పనే మీటరుతోని?"

నిజం చెబితే గంట పడుతుంది. పైగా మనకు నిజం అంత తొందరగా నోటికి రాదు. "గిది లొల్లి కొలిసే మీటరు. నినాదం ఎంత గట్టిగున్నదో సూపెడ్తది. ఊరూరిది కొలుసుకుంట కోరుట్ల దాక పోతున్న," అన్నాను.

ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. తర్వాత గరిటె పట్టుకుని ఉన్నవాడితో సహా అందరూ దగ్గరికొచ్చి జై తెలంగాణ అన్నారు. నేను డబ్బాకు చెవి ఆనించి, పెదవి విరిచాను.

"పర్వాలేదు. కని వెనుకటి ఊరోళ్లది జర ఎక్కువ అచ్చింది."

"ఏంది! వాళ్లది మాకంటె ఎక్కువనా?" గరిటెవాడికి రోషం వచ్చింది. "అరేయ్, అందరిని పిలువుండ్రి!"

పక్క ఊరి మీద అసూయ ఎంత పనిచేస్తుందో ఆ రోజు చూశాను. మెడ నరాలు ఉబ్బేలా అరిచారు. పొలాల్లో కొంగలు లేచిపోయాయి. నేను సంతోషంగా తలూపాను. విస్తరాకులో వేడి అన్నం పెట్టి, ఆటోకు దారి ఇచ్చి పంపారు. కోరుట్ల చేరేదాకా నన్ను నేనే మెచ్చుకున్నాను. ఈ కథ ముందు మరమగ్గాల మీటరు ఏపాటిది? ఈసారి బొక్క నాదే.

అత్తగారి వాకిట్లో చెప్పులు విడిచి, మామను కూర్చోబెట్టి, కథ మొదలుపెట్టాను. రాస్తారోకో దాకా వచ్చాను. అప్పుడే వీధి చివర డప్పులు వినిపించాయి.

ట్రాక్టరు. దాని మీద కుర్చీ. కుర్చీలో నా షడ్డకుడు, ఒడిలో వాడి స్టాండర్డ్ మీటరు. ఇద్దరి మీదా గులాబీ రంగు గులాల్. ముందు డప్పులు, వెనక పిల్లలు. వీధిలోని ఆడవాళ్లంతా గడపల్లోకి వచ్చారు.

"చందుర్తి కాడ ఆపిండ్రు మామా," అన్నాడు వాడు కిందికి దిగుతూ, గులాల్ దులుపుకోకుండా. "డబ్బల ఏముందన్నరు. 'తెలంగాణకు రావాల్సిన కరెంటు ఎంతో, అంత లెక్క దీంట్ల ఉన్నది, కోరుట్లల అప్పజెప్పాలె' అన్న. ఇగ ఇడిసిపెడ్తరా? ట్రాక్టరెక్కిచ్చి, ఊరు దాటంగనే ఇంకో ఊరోళ్లకు అప్పజెప్పుకుంట, గిట్ల తెచ్చిండ్రు."

మామ లేచి వాడికి ఎదురెళ్లాడు. నా కథ రాస్తారోకో దగ్గరే ఆగిపోయింది. తర్వాత ఏమైందని ఎవరూ అడగలేదు. ఈ రోజుదాకా అడగలేదు.

దసరా పొద్దున గిర్నిలో ఆయుధపూజ. మోటారుకు, బెల్టుకు, కాంటాకు, పానాలకు అన్నింటికీ బొట్లు పెడతాడు మామ. ఆ వరసలో మా రెండు మీటర్లనూ పీట వేసి కూర్చోబెట్టాడు. వాడిది కొత్తది, అద్దంలాంటి మొహం మీద అంకెలు మెరుస్తాయి. నాది పాతది, రంగు పోయిన ఇనుప డబ్బా, పట్టుకునే పిడి దగ్గర నా చేతి మరక. మామ గిన్నెలోంచి పసుపు ముద్ద తీసి వాడి మీటరుకు వైర్లు బిగించే మరల దాకా అరచేయంత పూసి, నడుమ రూపాయంత కుంకుమ అద్దాడు. దాని ముందే కొబ్బరికాయ కొట్టాడు. ఆ చేత్తోనే నా దాని దగ్గరికి వచ్చేసరికి ముద్ద అయిపోయింది. గిన్నె అడుగున వేలు పెట్టి గీకి, మినపగింజంత పెట్టాడు.

పసుపు గిర్నిలో, చుట్టూ బస్తాలకు బస్తాలు పసుపు ఉండగా, నా మీటరు దగ్గరికి వచ్చేసరికే పసుపు అయిపోయింది.

ఇంట్లోకి వెళ్లి మా ఆవిడతో అన్నాను. "మీ నాయిన నా మీటరుకు బొట్టు ఎంత పెట్టిండో సూసినవా?"

"ఏంది? బొట్టు పెట్టలేదా?"

"పెట్టిండు. గింతంత."

ఆమె పూరీ పిండి కలుపుతోంది. ఒకసారి నా మొహం చూసి, "మీటరుకు పెద్దబొట్టు పెడ్తె ఏం జేస్కుంటవయ్య? దాన్నేమన్న పెండ్లికి తోల్కపోతవా?" అంది. పక్కన మా మరదలు నవ్వింది. వాళ్లాయన మీటరు బొట్టు పెద్దది కదా, నవ్వుతుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నా మీటరును వెనక గదిలోకి తెచ్చుకుని, సంచిలోంచి స్పిరిటు, మెత్తటి బట్ట తీసి, ఆ మినపగింజ బొట్టును తుడిచేశాను. ఊరికే తుడవలేదు. టెర్మినళ్ల మరలు విప్పి, సందుల్లో కుంచె పెట్టి, ఒక్క పసుపు రవ్వ లేకుండా తళతళలాడించాను. మీకు అక్కర్లేకపోతే నాకూ మీ బొట్టు అక్కర్లేదు. మా ఆవిడ చూసి, "పండుగపూట దేవుని బొట్టు తుడుస్తవా!" అని నోరు నొక్కుకుంది.

సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయి బలాయి తీసుకున్నాం. వాడు నన్ను గట్టిగా కావలించుకుని, "అన్నా, రేపు ఎవరిది నిలవడ్డా మనమధ్య ఏం లేదు," అన్నాడు. గెలుస్తానని నమ్మకం ఉన్నవాడే అలా మాట్లాడతాడు. "ఏముంటది తమ్మీ," అన్నాను. బగారన్నం మీద మూలుగ బొక్క ఎక్కడ పడిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

తెల్లారి మీటర్లు పట్టుకుని బయల్దేరుతుంటే అత్తమ్మ గడప దగ్గర ఆపింది. "చిన్నల్లుని డబ్బాకు నిన్న ఊరు ఊరంతా దిష్టి పెట్టింది," అని చెంబులో పసుపునీళ్లు కలిపి తెచ్చి, వేపరెమ్మతో వాడి మీటరు మీద చిలకరించింది. నా డబ్బాను ఒకసారి చూసింది. దానికి ఎవరి దిష్టీ తగిలి ఉండదని ఆమెకూ అనిపించినట్టుంది, చెంబు లోపలికి తీసుకుపోయింది. సబ్‌స్టేషన్‌కు చేరాక వాడు పైపైన తుండుగుడ్డతో తుడిచాడు. బొట్టు మాత్రం అలాగే ఉంచాడు. అత్తగారింటి బొట్టు కదా.

ఇక్కడ ఒక్క మాట. నోటితో నేను ఎన్ని అబద్ధాలైనా ఆడతాను, టేబుల్ ముందు ఆడను. మా షడ్డకుడూ అంతే, ఆ సంగతి ఒప్పుకోక తప్పదు. కరెంటుకు కథలు అర్థం కావు. ఆఫ్ చేశామని చెబితే నమ్మదు, నిజంగా ఆఫ్ చేసి ఉండాలి. స్విచ్ పిడి కిందికి దిగిందని తృప్తిపడకుండా మూడు ఫేజుల మీదా టెస్టరు పెట్టి చూసుకోవాలి. కింద రబ్బరు చాప, కాళ్లకు బూట్లు. ఒంటి మీద గడియారం, ఉంగరం లేకుండా చూసుకోవాలి. చెయ్యి పెట్టక తప్పనప్పుడు కుడిచెయ్యి ఒక్కటే, ఎడమచెయ్యి వీపు వెనక. రెండు చేతులు పెడితే కరెంటు దారి గుండెలోంచి పోతుంది.

సారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేమిద్దరం కలిసే వైర్లు కట్టాం. కరెంటు ముందు నా మీటరు కడుపులోంచి పోయి, అదే కరెంటు వాడి మీటరు కడుపులోంచి పోవాలి. ఒకదానికి ఒక చుక్క ఎక్కువ, ఇంకోదానికి తక్కువ కాకూడదు. వోల్టేజి మాత్రం ఒకేచోట నుంచి రెండింటికీ పక్కపక్కన అందాలి. లోడుకు హీటర్లు పెట్టాం. అవి గొడవ చేయకుండా ఒకే తీరుగా తాగుతాయి. ఎర్ర వైరు ఎర్రదానికి, పసుపుది పసుపుదానికి, నీలంది నీలందానికి అని ఒకరు కట్టింది ఇంకొకరు చూశాం. స్విచ్ వేశాక వెంటనే చూడకూడదు. మీటరు కూడా మనలాగే నిద్ర లేవగానే మాట తిన్నగా ఉండదు. లోపల వేడి కుదుటపడేదాకా అరగంట కూర్చోవాలి. ఆ అరగంట బయట రోడ్డు మీద నినాదాలు, లోపల హీటర్ల వేడి. వాడు సారుకు మరమగ్గాల మీటరు కథ చెప్పాడు. సారు నవ్వాడు. నేను గోడ మీద కాలండరు చదివాను.

తర్వాత చూడటం మొదలుపెట్టాం. ఒకే సమయంలో రెండూ ఎంత చూపిస్తున్నాయి, మళ్లీ చూస్తే అంతే చూపిస్తున్నాయా. నా ముసలి డబ్బా ఒకే మాట మీద ఉంది. చివరి అంకె కొంచెం ఊగినా, అది దాని వయసు. వాడి మీటరు మొదట బాగుంది. రెండోసారి ఒక ఫేజులో వోల్టేజి కిందికి జారి పైకి వచ్చింది. మూడోసారి మళ్లీ జారింది. అద్దం మీద అంకెలు పొయ్యి మీది నీళ్లలా కదిలాయి.

నా లోపల పండుగ మొదలైంది. పండుగ అంటే మామూలుది కాదు, డప్పులతో, ట్రాక్టరుతో. మొహం మీదికి రాకుండా పెదవులు బిగబట్టాను. మా షడ్డకుడి నుదుటి మీద చెమట పట్టింది. సారు కళ్లద్దాలు సర్దుకుని, "సిరిసిల్లది నిలబడతలేదయ్యా," అని పెన్ను మూత తీశాడు. నా కుర్చీ, నా ఫ్యాను నన్ను పిలవడం వినిపించింది.

"ఒక్క నిమిషం సార్. మర వదులైనట్టుంది," అన్నాడు వాడు.

అన్నవాడు స్విచ్ వైపు పోలేదు. పరువు పోతుంటే మనిషికి ముందు చెయ్యే పోతుంది. వాడి చెయ్యి నేరుగా ఆ ఫేజు మర మీదికి పోయింది. అప్పుడు నాకు వాసన తగిలింది. వేడెక్కిన పసుపు వాసన, మా మామ గిర్నిలో ఎండాకాలం వచ్చే వాసన. ఆ మర చుట్టూ, పైపైన తుడిస్తే పోని చోట, పసుపు ముద్ద ఇంకా తడిగా ఉంది. దాని కిందుగా పసుపునీటి చార ఒకటి మెరుస్తూ వాడి మీటరు ఇనుప డబ్బా అంచుదాకా దిగింది. వాడి ఎడమచెయ్యి ఆ డబ్బానే పట్టుకుని ఉంది.

"ఆగు!"

అదొక్కటే అన్నాను. ఏ గొంతుతో అన్నానో తెలియదు. ఆ మాటతోపాటే నా చెయ్యి మెయిన్ స్విచ్ పిడిని కిందికి లాగింది. హీటర్ల ఎరుపు మెల్లగా ఆరింది. వాడి వేలు మరకు వెంట్రుకవాసి దూరంలో అలాగే నిలిచిపోయి ఉంది. నా వైపు చూశాడు. వాడి కళ్లలో కథలేమీ లేవు.

టెస్టరు తీసి మూడు ఫేజులూ చూశాను. ఏమీ లేదు. అప్పుడు మర విప్పాం. వైరు చివరకూ ఇత్తడికీ నడుమ పసుపు, కుంకుమ కలిసి గట్టి పొరలా పట్టేశాయి. కరెంటు ఒకసారి దూరి, ఒకసారి దూరక, అంకెలు అందుకే ఎగిరాయి. మీటరుది ఏ తప్పూ లేదు. పెద్ద బొట్టు తప్పు. సారు ఆ ఇత్తడి మర చేతిలోకి తీసుకుని, వాసన చూసి, "ఇదేందయ్యా, కూరల వేసుకునే పసుపు?" అన్నాడు.

"మా మామ గిర్నిది సార్," అన్నాను. "మంచి పసుపు."

మరి నాదానికి ఎందుకు లేదని సారు అడిగాడు. నేను సంచిలో స్పిరిటు సీసా వెతికాను. అలిగి తుడుచుకున్నానని పై అధికారికి ఏమని చెప్పను?

స్పిరిటుతో కడిగాం. నా కుంచెతోనే, నా బట్టతోనే. ఆరబెట్టాం, మళ్లీ కట్టాం, మళ్లీ అరగంట కూర్చున్నాం. ఈసారి వాడు కథ చెప్పలేదు. స్విచ్ వేసి చూస్తే సిరిసిల్ల మీటరు గోడకు మేకు కొట్టినట్టు నిలబడింది. ఎన్నిసార్లు చూసినా ఒకటే అంకె. నా ముసలిదాని చివరి అంకె మాత్రం, గదిలో వేడి పెరిగేకొద్దీ, ఊగుతూనే ఉంది. సారు పెన్ను మూత మళ్లీ తీశాడు. ఏం రాశాడో చూడకుండానే నా డబ్బా వైర్లు విప్పడం మొదలుపెట్టాను.

ఆ సాయంత్రం అత్తగారింట్లో నిన్నటి కూర వేడిచేసి పెట్టారు. వాడు అన్నం ముట్టకుండా, "అత్తా, మా అన్న లేకుంటె ఇయ్యాల నీ చిన్నబిడ్డ బతుకు ఆగమయ్యేది," అని జరిగింది చెప్పాడు. అత్తమ్మ గిన్నెలో గరిటె పెట్టి చాలాసేపు వెతికింది. పండుగ బొక్క పండుగనాడే అయిపోయింది కదా. చివరికి ఒక పక్కటెముక దొరికితే నా పళ్లెంలో వేసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మామ మీసాలు దులుపుకుని, "పసుపు మంచిదనే పెట్టిన కొడుకా," అన్నాడు చిన్నగా. నేను ఆ ఎముకను చాలాసేపు నమిలాను.

నేను పల్లెల మీద పడ్డాను. బుగ్గారంలో నిచ్చెన మోశాను, గొల్లపల్లి కుక్కలకు నా వాసన అలవాటైంది. రాష్ట్రం వచ్చింది. హైదరాబాదు తలుపులు ఎప్పుడో తెరుచుకున్నాయి. నా కుర్చీ మాత్రం మళ్లీ నాకు రాలేదు. మోకాలు పట్టేసినప్పుడల్లా ఒక్కటే అనుకుని సరిపెట్టుకునేవాణ్ణి. కుర్చీ పోతే పోనీ, కథ నాది. వాడికి ట్రాక్టరు ఉండవచ్చు, మగ్గాల మీటరు ఉండవచ్చు. పెద్ద బొట్టు మీటరు కథ, ఒక్క మాటతో మనిషిని నిలబెట్టిన కథ మాత్రం నాది. దీంట్లోంచి తరుగు తీయాల్సిన పని కూడా లేదు.

మొన్నామధ్య బుగ్గారం దగ్గర ఒక ఇంట్లో మీటరు మార్చి, వాళ్లిచ్చిన చాయ తాగుతూ ఆ కథ మొదలుపెట్టాను. పసుపు దాకా వచ్చాను. వాసన దాకా వచ్చాను. "ఆగు అని అరిచిన," అన్నాను.

ఆ ఇంటి ముసలామె చెయ్యెత్తి ఆపింది. "గా కథ మాకెరుకే అయ్యా. మా బిడ్డను సిరిసిల్లకు ఇచ్చినం. ఆడ మీ కరెంటాయన ఒగాయన పెండ్లిల చెప్పిండట. వాళ్ల అన్న గదిల 'ఆగు' అని అరిస్తె, బయట రోడ్డు మీద పోయే లారీ ఆగిందట గదా! డ్రైవరు దిగచ్చి, నన్ను ఆపింది ఎవరే అని అడిగిండట!"

ఇంట్లోవాళ్లంతా నవ్వారు. ముసలామె నవ్వి నవ్వి పక్కనున్న కోడలి భుజం పట్టుకుంది. "గా అన్నవు నువ్వేనా?" అని అడిగింది.

"నేనే," అన్నాను.

"మరి లారీ సంగతి చెప్పకపోతివి?"

చాయ చల్లారిపోయింది. నిచ్చెన భుజాన వేసుకుని ఎండలోకి నడిచాను. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఒక్కొక్కటీ పోతుంటే చూస్తూ నిలబడ్డాను. అరిచింది నేను. గొంతు నాది, కుర్చీ పోగొట్టుకుంది నేను. ఆ రోజు సబ్‌స్టేషన్ బయట రోడ్డు ఉంది, బంద్‌లోనూ దాని మీద ఒకటీ అరా లారీ పోతూనే ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఆ లారీ నాకెందుకు తట్టలేదు?